రైట్ క్లిక్ మెనూలో కొత్త వరుస

మా షాపు కంప్యూటర్ పొట్ట కోసి, లోపలి నరాలు సవరించి, మళ్లీ కుట్టినవాణ్ని నేను. ఈ మాట గల్లీలో చాలామందికి చెప్పాను. హోటల్లో చాయ్ తాగుతూ చెప్పినప్పుడు ఆ ఆపరేషన్‌కు ఒక పూట పట్టిందన్నాను. బ్యాంకు లైన్లో చెప్పినప్పుడు రోజంతా పట్టిందన్నాను, ఎందుకంటే ఆ లైను పొడుగ్గా ఉంది.

అసలు జరిగింది ఇంతే. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే చిన్న జాబితా ఒకటి కిందికి జారుతుంది కదా, ఆ జాబితాలో ఒక వరుస చేర్చాను. ఎవరో ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన పద్ధతి చూసుకుంటూ చేశాను. అది కూడా మొదటిసారి తప్పు చేశాను. పైగా ఆ పని ఆ రోజు, ఆ సమయంలో చేయాల్సిన అవసరమే లేదు. ఎదురుగా స్టూలు మీద, తల్లి పోయిన మనిషి కార్డు కోసం కూర్చుని ఉన్నాడు.

మాది కార్డుల షాపు. నగరంలో సగం పెళ్లిళ్లు నా వేళ్ల కిందనుంచే జరిగాయని అంటుంటాను. సగం కాదు. మా చుట్టుపక్కల గల్లీలవాళ్లు వస్తారు, అప్పుడప్పుడు ధూల్‌పేట్ నుంచి, జహనుమా నుంచి ఒకరిద్దరు. పక్క షట్టరు భాయ్‌ది. ఆయనకు పెద్ద కటింగ్ మిషన్ ఉంది. నేను ప్రింటు తీసిన కార్డులు ఆయన కత్తి కిందనుంచి వస్తేనే అంచులు సమంగా ఉంటాయి. మా ఇద్దరికీ వయసు మీద పడింది. ఎవరు పెద్ద అన్న లొల్లి ఇంకా తెగలేదు.

మా పని పద్ధతి చెప్పాలి. కార్డు మీదికి ఎక్కే మాటలను మేం మ్యాటర్ అంటాం. మొదట దాన్ని పూలూ బొమ్మలూ లేకుండా ఉత్త అక్షరాల ఫైలుగా కొడతాం. చదివి, తప్పులు దిద్ది, ఆ తర్వాతే డిజైన్‌లో పోస్తాం. కొట్టేది నేను. చదివేది మా ఇంటామె. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, నేను తింటుండగా నా కుర్చీలో కూర్చుని గట్టిగా చదివేది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు తెల్లటి తెర పడేది కాదు. అందుకని నల్లటి తెర మీద పెద్ద పెద్ద తెల్లక్షరాలు చూపించే ఎడిటర్ ఒకటి పాత కంప్యూటర్లో పెట్టించాం. ఎడిటర్ అంటే పెద్ద సామాను కాదు, అక్షరాలు కొట్టుకోవడానికి, దిద్దుకోవడానికి పనికొచ్చే చిన్న ప్రోగ్రాము. ఫైలు మీద కుడి బటన్ నొక్కితే ఆ ఎడిటర్ పేరు కూడా వరుసలో వచ్చేది. ఆమెకు కంప్యూటర్ అంటే తెలిసింది అదొక్కటే: కుడి బటన్, ఆ వరుస, ఆపైన చదవడం.

పెళ్లి కార్డుల ఫైళ్లు పేరుపేరునా దాచుకుంటాం. అన్నకు కార్డు కొట్టిస్తే తమ్ముడికి కూడా మా దగ్గరికే వస్తారని ఆశ. పోయినవాళ్ల కార్డులకు మాత్రం అందరికీ కలిపి ఒకటే ఫైలు. దాని పేరు కూడా 'పోయినోళ్ల కార్డు'. ఎవరైనా పోతే, అంతకు ముందు పోయినవారి మ్యాటర్ తెరిచి, పేరు మీద పేరు, తేదీ మీద తేదీ కొట్టి, అదే ఫైలుగా సేవ్ చేస్తాం. ఈ నియమం పెట్టింది మా ఇంటామె. మొదట్లో నేను వాటిని కూడా విడివిడిగా దాచబోతే కోప్పడింది.

"పోయినోళ్లందర్ని పెట్టెల వెట్టుకోని కూసుంటవా? ఒకలు లేస్తె ఇంకొకలు కూసుంటరు. గంతే."

ఆ రోజు ఆ ఫైల్లో ఉన్నది ఆమె.

ఆమె కార్డు నేనే కొట్టుకున్నాను, నేనే చదువుకున్నాను. పదో రోజు అయిపోయింది. ఆమె ఉన్నప్పుడే చెప్పిపెట్టిన కొత్త కంప్యూటర్ ఆ తర్వాత వచ్చింది. పాత ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి ఇచ్చారు. ఒకటి రెండు పెళ్లి కార్డులు కూడా కొట్టాను. చావు పని ఇంకా రాలేదు. వస్తుందని తెలుసు. రావద్దని కోరుకున్నానా అంటే, కోరుకోవడమనే పని ఆ రోజుల్లో నా చేత కాలేదు. లేచేవాణ్ని, షట్టర్ తీసేవాణ్ని, వేసేవాణ్ని. చుట్టాలు ఫోన్ చేస్తే రాత్రంతా ఏడ్చానని చెప్పేవాణ్ని, లేకపోతే బాగుండదని. ఏడవలేదు. హాయిగా నిద్రపట్టేది.

ఇంట్లో ఆమె కార్డులు ఒక కట్ట మిగిలే ఉంది. అలాంటప్పుడు కంప్యూటర్లో ఒక ఫైలు పోతే ఏం పోయిందని అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. ఆ ఫైల్లో ఉన్నంతవరకు మా షాపు లెక్కలో అందరికంటే చివర పోయిన మనిషి ఆమె. ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఆమె కూడా వెనకటివాళ్లలో కలిసిపోతుంది. అంతకంటే నాకు తోచలేదు.

ఆ తల్లి పోయిన మనిషి శుక్రవారం, జుమ్మా రోజు వచ్చాడు. నమాజు ముగించుకుని వచ్చి భాయ్ షట్టర్ లేపుతున్నాడు. యాభై దాటిన మనిషి, చేతులకు నల్లటి గ్రీజు మరకలు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర టైర్ల షాపు అని తర్వాత చెప్పాడు.

"అన్నా, కార్డులు గావాలె. మా అమ్మ పోయింది."

"ఎప్పటికి గావాలె తమ్మీ?"

"ఇయ్యాల్నే. పొద్దుగూకేవరకు ఇస్తె సుట్టాలకు పంచుకుంట వోత. ఇంక లేటయితె ఎవలొస్తరు?"

పేర్లు రాసుకొచ్చిన కాగితం టేబుల్ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద తన ఫోన్ పెట్టాడు. నేను ఆ కాగితం వైపు చూడలేదు.

"కూసో తమ్మీ. కంప్యూటర్ కొత్తది. దీని లోపట తాళం ఒకటి తియ్యాలె. అది తియ్యంది ఆ ఫైలు తెరుసుకోదు."

"గట్లనా? మస్తు టైం వడతదా?"

"ఇంజనీర్లయితె రెండు దినాలు జేస్తరు. నాకు గంత వట్టదు."

తాళం లేదు, ఏమీ లేదు. ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే మామూలు చిన్న కిటికీలో సన్నక్షరాలతో చక్కగా తెరుచుకుంటుంది. కళ్లజోడు పెట్టుకుంటే నాకు కనబడుతుంది కూడా. కానీ కుడి బటన్ నొక్కి చూస్తే కొత్త కంప్యూటర్ జాబితాలో ఆ వరుస లేదు. ఎడిటర్ అయితే ఉంది, ఎక్కించి ఇచ్చారు. జాబితాలో మాత్రం లేదు. ముందు అది ఉండాలనిపించింది. అది పెట్టేవరకు తక్కినదేదీ మొదలుపెట్టనక్కర్లేదు కదా అని కూడా అనిపించి ఉండవచ్చు.

ఇంటర్నెట్‌లో వెతికాను. రిజిస్ట్రీ అని ఒకటి ఉంటుందట. తెరిస్తే ఎడమవైపు అరల్లో అరలు, వాటిలో మళ్లీ అరలు. నక్షత్రం గుర్తు ఉన్న అర వెతుక్కోవాలి. ఆ గుర్తుకు అన్ని రకాల ఫైళ్లూ అని అర్థం. దాని లోపల ఇంకో అర, అందులో మనం కొత్తగా ఒకటి చేసి పేరు పెట్టాలి. జాబితాలో కనబడేది ఆ పేరే. దాని లోపల మరొకటి చేసి, ఎడిటర్ ఎక్కడ ఉందో ఆ దారి రాసి, చివర ఏ ఫైలు తెరవాలో చెప్పే గుర్తు పెట్టాలి. ఇక్కడ చెయ్యి జారితే కంప్యూటర్ మొత్తం పడకేస్తుందని పైన ఎర్రక్షరాల్లో రాశారు. నాకు భయం వేయలేదు. ఆ రోజుల్లో ఏదీ వేసేది కాదు.

పేరు దగ్గర ఆగాను. ఏం పెట్టాలి? 'పెద్దక్షరాలు' అని కొట్టాను.

భాయ్ రెండు చాయ్‌లు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఒకటి నా ముందు పెట్టి, కూర్చున్న మనిషిని చూసి రెండోది ఆయనకిచ్చాడు. తనకు లేకుండా పోయింది.

"క్యా సేఠ్, కంప్యూటర్ల బావి తవ్వుతున్నవా?"

"రైట్ క్లిక్‌ల ఒక లైను ఎక్కిస్తున్న భాయ్."

"ఎందుకు?"

"అది లేకుంటె ఫైలు కనవడదు."

"మొన్న షాదీ కార్డు కొడితివి గద. అప్పుడెట్ల కనవడ్డది?"

"గది వేరే ఫైలు."

భాయ్ తెలుగు చదవలేడు. నేను కొట్టిన కార్డులు ఇన్నేళ్లుగా ఆయన కత్తి కిందికి పోతున్నా, వాటి మీద ఏముందో ఆయనకు తెలియదు. కానీ మా షాపులో జరిగే సంగతులు అన్నీ తెలుసు. స్టూలు మీది మనిషిని చూశాడు, టేబుల్ మీది కాగితం చూశాడు, నా మొహం చూశాడు. వంగి గొంతు తగ్గించాడు.

"భాభీదేనా?"

తలూపాను.

"అరే, వేరే పేరు వెట్టి దాసుకోరాదు? సేవ్ యాజ్ అంటరు గద. నాకే ఎర్క."

"ఆమె వద్దన్నది భాయ్."

"వాహ్ మియా. భాభీ ఉన్నప్పుడు ఒక్క మాట ఇన్నవా? పాన్ బంద్ జెయ్యమంటె జేసినవా? ఇప్పుడు ఫర్మాబర్దార్ అయినవ్, ఆజ్ఞ దాటనోడివి!"

స్టూలు మీది మనిషి చాయ్ ఊదుకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు. మేమేదో కంప్యూటర్ సంగతి మాట్లాడుకుంటున్నామని అనుకున్నట్టున్నాడు.

"అయితుందా అన్నా?"

"అయిపాయె తమ్మీ. ఆఖరి తాళం."

పెట్టాల్సినవన్నీ పెట్టాను. ఫైళ్లు ఉన్న కిటికీలోకి వచ్చి, 'పోయినోళ్ల కార్డు' మీద కుడి బటన్ నొక్కాను. జాబితా దిగింది. అందులో నేను చేర్చిన వరుస ఉంది, 'పెద్దక్షరాలు' అని. నొక్కాను.

నల్లటి కిటికీ తెరుచుకుని ఇంగ్లిషులో అడిగింది: 'పోయినోళ్ల' అనే ఫైలు లేదు, కొత్తది చేయమంటావా?

అవునని నొక్కాను. ఎందుకు నొక్కానో అడగవద్దు. కంప్యూటర్ ఏది అడిగినా అవునని నొక్కే అలవాటు నాది. నల్లటి తెర ఖాళీగా నిలబడింది. పైన ఎడమ మూలన కర్సర్ ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

పోయిందనుకున్నాను. ఆమె మ్యాటర్ చెరిగిపోయింది, నా వేళ్లు దాని మీద పడకుండానే. గుండె జారిందని రాయాలి, లేదా బరువు దిగిందని రాయాలి. రెండూ కాలేదు. చాయ్ చల్లబడి పైన మీగడ కట్టింది. మీగడ వేలితో తీసి పక్కన పెట్టి తాగాను.

"ఏమాయె?" అన్నాడు భాయ్.

"ఖాళీగొచ్చింది."

"పోయిందా?"

"ఏమో."

భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలా బరువైన చెయ్యి, రోజంతా మిషన్ హ్యాండిల్ లాగే చెయ్యి. అది తీస్తే బాగుండనిపించింది.

మళ్లీ ఆ ఇంటర్నెట్ పేజీ తెరిచి, వాళ్లు రాసిందీ నేను కొట్టిందీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అక్షరానికి అక్షరం ఒకటే. ఒక్కచోట తేడా. చివర ఫైలు గుర్తుకు అటూ ఇటూ వాళ్లు కోట్లు పెట్టారు, అంటే కొటేషన్ గుర్తులు. నేను పెట్టలేదు. మరిచిపోయి కాదు, కావాలనే తీసేశాను. ఇది మా వృత్తి జబ్బు. కార్డు కొట్టించుకునేవాళ్లు ప్రతి మాటకూ కోట్లు పెట్టి తెస్తారు, వధువుకు కోట్లు, విందుకు కోట్లు. అలంకారం అనుకుంటారు. అవన్నీ పీకేయడమే నా పని. ఇన్నేళ్లుగా పీకి పీకి, ఎక్కడ కనబడ్డా వేలు దానంతటదే చెరిపేస్తుంది. కంప్యూటర్‌కేమో ఆ కోట్లు కావాలి. అవి లేకపోతే పేరు మధ్యలో ఖాళీ వచ్చినచోటే పేరు అయిపోయిందనుకుంటుంది. 'పోయినోళ్ల' వరకు చదివి, 'కార్డు' వదిలేసింది. లేని ఫైలు కోసం వెతికి, లేదని చెప్పింది.

అటూ ఇటూ కోట్లు పెట్టి మళ్లీ నొక్కాను.

వచ్చింది. నల్లటి తెర మీద పెద్ద తెల్లక్షరాలు. విషాదముతో తెలియజేయునది ఏమనగా. నా ధర్మపత్ని. ఆ తర్వాత ఆమె పేరు. స్వర్గస్థురాలైన తేదీ. దశదిన కర్మ తేదీ. ఇట్లు, భర్త, కూతురు, అల్లుడు.

"వచ్చిందా?" అన్నాడు భాయ్. చదవలేకపోయినా అక్షరాల వైపు తదేకంగా చూశాడు. "ఇదేనా?"

"ఇదే."

"సేవ్ యాజ్..." అని మొదలుపెట్టి, నా చేతులు చూసి ఆపేశాడు.

టైర్లాయన కాగితం ముందుకు జరుపుకున్నాను. మొదలుపెట్టాను. 'నా ధర్మపత్ని' తీసి 'మా మాతృమూర్తి' అని కొట్టాను. పేరు మీద పేరు కొట్టాను. వాళ్లమ్మ పేరు మా ఇంటామె పేరు కంటే పొట్టిది, కర్సర్ ముందు రెండక్షరాలు మిగిలాయి. వాటిని కూడా తీశాను. తేదీ మీద తేదీ. ఇట్లు కింద ముగ్గురు కొడుకులు, కోడళ్లు, మనుమలు, మనుమరాళ్లు. మా ముగ్గురున్నచోట వాళ్లందరూ పట్టడానికి వరుసలు పెంచాల్సి వచ్చింది. ఇది చేస్తున్నంతసేపూ నా చేతులు వణికాయని భాయ్‌తో అన్నాను తర్వాత. వణకలేదు. రోజూ కొట్టినంత వేగంగానే కొట్టాను.

కొట్టడం అయ్యాక చదవాలి. నేను కుర్చీ వెనక్కి జరిపాను.

"నువ్వే సదువు తమ్మీ. గట్టిగ సదువు, నేనింట."

"నేనా? టైర్లోణ్ని అన్నా, నాకు సక్కగ సదవరాదు."

"అక్షరాలు పెద్దగున్నయి. మెల్లగ సదువు."

లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. టైరు పక్క మీది సైజు చదివినట్టు ఒక్కో మాటా పట్టిపట్టి చదివాడు. తల్లి పేరు కూడా అలాగే చదివాడు, ఆగలేదు, గొంతు మారలేదు. నాకు అర్థమైంది, నేనూ అలాగే కొట్టాను కదా. తేదీలు సరిపోయాయి. కొడుకుల పేర్లు సరిపోయాయి. మనుమరాలి పేరులో ఒక ఒత్తు తక్కువైతే చెప్పాడు, పెట్టాను. చివరి వరుసకు వచ్చాడు.

"భోజన స్థలము, మా స్వగృహము, మసీదు వెనుక గల్లి, పచ్చ గేటు ఇల్లు."

ఆగాడు. మళ్లీ చదువుకున్నాడు, ఈసారి లోలోపల.

"అన్నా, మాది జహనుమా గద. గీ పచ్చ గేటు ఎవలది?"

"మాది."

ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. భాయ్ షట్టర్ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"మీ ఇంట్ల ఎవలన్న..."

"మా ఇంటామె."

"ఎప్పుడు?"

"మొన్ననే. నీ కంటె ముందు కార్డు ఆమెదే."

"గందుకేనా ఇంతసేపు తాళం తీసినవ్?"

ఆయన టేబుల్ మీది ఫోన్ తీసుకున్నాడు. దాని కింది కాగితం మడిచాడు.

"ఉండనియ్యి అన్నా. నేను వేరే కాడ కొట్టిచ్చుకుంట. ఛత్తాబజార్ పోతె మస్తు షాపులున్నయి. నువ్వు నీది ఎన్కకు తెచ్చుకో, తియ్యకు."

అది నిజంగా అంత సులువే. ఇంకా సేవ్ చేయలేదు. కిటికీ మూసేస్తే, మార్పులు ఉంచమంటావా అని అడుగుతుంది. వద్దంటే చాలు, పేరు, తేదీ, మేం ముగ్గురం, అందరం తిరిగి వచ్చేస్తాం. పైగా ఆయనే పొమ్మనకుండా పోతానంటున్నాడు. భాయ్ వెనక్కి తిరిగి నా వైపే చూస్తున్నాడు.

ఆయన చెప్పులు వేసుకోబోతున్నాడు. సాయంత్రం లోపల చుట్టాలకు పంచుకోవాలన్న మనిషి, ఎండలో ఛత్తాబజార్ పోయి, ఇంకో షాపులో స్టూలు మీద కూర్చుని, ఇదంతా మొదటినుంచి ఇంకొకరికి చెప్పుకోవాలి.

"కూసో తమ్మీ," అన్నాను. "ఆ లైను గట్లనే వోతె మీ సుట్టాలందరు మా ఇంటికొస్తరు. వండేటోళ్లు లేరు."

ఆయన నవ్వాడు. నవ్వి, నవ్వకూడదేమోనని భాయ్ వైపు చూశాడు. భాయ్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, అది మర్యాద కాబట్టి.

"చెప్పు. జహనుమాల యాడ?"

చెప్పాడు. వాటర్ ట్యాంకు పక్క సందు, ఇంటి ముందర టెంటు. మసీదు తీశాను, గల్లీ తీశాను, పచ్చ గేటు తీశాను. ఆయన చెప్పింది కొట్టాను. సేవ్ నొక్కాను. అది ఏమీ అడగలేదు. కిటికీ మూశాను.

డిజైన్‌లో పోసి ప్రింటు తీశాను. కాగితాలు మిషన్‌లోంచి వెచ్చగా వచ్చాయి. భాయ్ కత్తి కింద పెట్టి అంచులు కోశాడు, రబ్బరు బ్యాండు వేశాడు. చాయ్ లేకుండా పోయింది తనకొక్కడికే అని ఇప్పుడు గుర్తు చేశాడు. పొద్దు ఇంకా ఉండగానే టైర్లాయన కట్ట చంకన పెట్టుకుని లేచాడు. గడప దగ్గర ఆగి, రబ్బరు బ్యాండు కొంచెం పక్కకు జరిపి, పైది ఒక కార్డు లాగి రెండు చేతులతో నాకిచ్చాడు.

"నువ్వు గూడ రావాలె అన్నా."

"వస్త."

వాళ్లమ్మ పదో రోజున వెళ్లాను. టెంటు మీద గట్టి ఎండ. ఆయన తన ఇద్దరు తమ్ముళ్లకూ నన్ను చూపించి ఏదో చెప్పాడు, వాళ్లు కుర్చీ వేశారు. నా పక్కన కూర్చున్న ముసలాయన అదే కార్డుతో విసురుకుంటున్నాడు. ఆకు వేశారు, వడ్డించారు. ఇంట్లో చాలా రోజులుగా నేను వండుకున్నదే తింటున్నాను. కూర అడిగి రెండోసారి వేయించుకున్నాను.